బెత్తెడు ఎడం

పొయ్యి నేను గీశాను, శాంటియాగోలో, మూడో అంతస్తులో.
గోడలూ కప్పూ ఎవరార్దో గీశాడు, అదే వీధిలో, వేరే గదిలో.
బల్లలు ఎవరు గీశారో మాకిద్దరికీ తెలియదు.
ముగ్గురి కాగితాలూ ముచ్చటగా ఉన్నాయి.
ఒకే పడవెక్కి, ఒక్క చుక్క తడవకుండా,
చిలోయే దీవికి చేరాయి.

అక్కడ, కట్టిన ఆసుపత్రిలో,
పొగగొట్టానికీ కప్పు కన్నానికీ
బెత్తెడు ఎడం.

బెత్తెడే.
అందులోంచి వాన లోపలికొచ్చింది,
పొగ బయటికి పోనంది.
కిటికీ కింద బల్ల వేస్తే కిటికీ తెరుచుకోదు,
తలుపు పక్కన వేస్తే స్ట్రెచర్ తిరగదు.
చుట్టూ నాలుగు లంకల జనం
దగ్గుతూ వచ్చి, ఇంకా దగ్గుతూ పడవెక్కారు.

నన్ను పిలిపించారు.
టేపు తీసి చూశాను, నా కొలత తప్పలేదు.
ఎవరార్దోకి ఫోన్ చేశాను, అతని కొలతా తప్పలేదట.
ఇద్దరమూ ఒప్పే అయినప్పుడు
తప్పు ఎక్కడుంటుంది?
నర్సు ఎర్మినా చూపించింది,
బకెట్టు పెట్టిన చోటు.

వడ్రంగి ఓవిదియో కార్కమోకి
చెవి మీద పెన్సిలు, కుడిచేతికి మూడున్నర వేళ్ళు.
"ఈ గదిలో ఒక రోజంతా కూర్చో," అన్నాడు,
"ఏమీ గీయకుండా."

కూర్చున్నాను.
పడవ దిగినవాళ్ళు ముందు వెతికేది డాక్టరుని కాదు, నిప్పుని.
తడి ఉన్ని కోటు విప్పి, ఎక్కడ వేయాలో తెలియక
ఒళ్ళో పెట్టుకుని వణికే ముసలి జాలరి.
బిడ్డకి పాలిస్తూ గోడకి వీపు ఆనించి
చల్లదనం చురుక్కుమని ముందుకి జరిగిన తల్లి.
రెండు చేతుల్లో ట్రేతో ఎర్మినా
రోజుకి నూరుసార్లు తలుపుని మోచేత్తో నెడుతుంది;
ఆ గొళ్ళెం మాత్రం అరచేయి కోసం చేసింది.

రాత్రి ఎర్మినా వంటింట్లో
రొట్టె పిండి చల్లిన బల్ల మీద
ముగ్గురం వేళ్ళతో గీశాం.
"వేడి ఎటు పోతోంది?" అన్నాడు ఓవిదియో.
గోడలోకి.
"అయితే కూర్చునే చోటు గోడే కావాలి."
నేను ఇటుకలన్నాను. అతను తలూపలేదు.
"ఇక్కడ ఇళ్ళు ఎప్పుడో ఒకనాడు నడుస్తాయి. ఇటుకకి నడక రాదు."
ఇనుప జల్లెడ పెట్టె, దాని నిండా సముద్రపు గుండ్రాళ్ళు,
వాటినానుకుని అరుగు, అరుగు కింద కట్టెలు,
పైన కోట్లకి కొయ్య దండెం,
మోచేయి ఎత్తున గొళ్ళెం.
పొయ్యి ఎక్కడ ఆగింది, గోడ ఎక్కడ మొదలైంది?
పిండిలో ఆ గీత దొరకలేదు.
నా పేరు ఏ మూల రాసుకోవాలో తోచలేదు.
కాస్త గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

మూడేళ్ళకి సముద్రం గట్టుని కొరికేసింది.
మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఎవరూ పిలవలేదు.

ఆసుపత్రి కింద దుంగలు దూర్చారు.
తొమ్మిది జతల ఎడ్లు, ఊరందరి చేతుల్లో మోకులు.
కూలి లేదు, మధ్యాహ్నం భోజనం ఉంది.
ఇల్లు స్థిరాస్తి, కుర్చీ చరాస్తి అని నేను చదువుకున్నాను;
ఎడ్లు చదువుకోలేదు.
కిటికీలు ఊగుతూ, దండెం ఊగుతూ,
ఆసుపత్రి గట్టెక్కింది.

దాని వెనక పిల్లలు,
బుట్టల్లో, గౌన్ల మడతల్లో
గోడని రాయి రాయిగా మోస్తూ.

సాయంత్రం మళ్ళీ పేర్చాం. ఒక రాయి తగ్గింది.
ఏ పిల్లాడి జేబులో ఉందో ఎర్మినాకి తెలుసు, చెప్పలేదు.
పొయ్యి రాజేసింది.
పొగ తిన్నగా పైకిపోయింది.
బకెట్టులో బంగాళాదుంపలున్నాయి.

రాయి లేని ఆ పిడికెడు చోటు
నా టేపుకి అందే ఎత్తులోనే ఉంది. కొలవలేదు.
పొద్దున చూస్తే అందులో
ఎవరిదో చిన్న మేజోడు
ఆరుతోంది.